ఆటిజం అన్నారా? నల్గొండలో ఉండి మేం ఏ పని తర్వాత ఏ పని చేశామంటే

నేను బ్లౌజులు కుడతాను. ముందు గదిలోనే మిషన్. మా చిన్నోడు ఏడాదిన్నర వయసు నుంచే దాని కింద కూర్చుని, నేను తొక్కుతుంటే తిరిగే చక్రాన్ని గంటల తరబడి చూసేవాడు. ఏడుపు లేదు, సతాయింపు లేదు. బట్టలివ్వడానికి వచ్చినవాళ్లు "ఎంత బుద్ధిమంతుడమ్మా" అనేవాళ్లు. నాకూ బాగానే ఉండేది, పని సాగేది కదా. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడని, కావాల్సింది వేలితో చూపించకుండా నా చెయ్యి పట్టుకుని దాని మీదికి తోస్తాడని, అప్పుడప్పుడు అనే "అమ్మ", "తాత" కూడా మానేశాడని నాకు తెలుసు. తెలిసీ ఏడాది ఆగాను. మా అత్తమ్మ "మా పెద్దోనికి గూడ నాలుగేండ్లకు మాటలొచ్చినయి, నువ్వు ఊకె పరేషాన్ గాకు" అంది. అప్పుడు చూపించిన ఒక డాక్టరు "మగపిల్లలకు మాటలు లేటు, మూడేళ్లు దాటనివ్వండి" అన్నారు. నాకు కావాల్సింది కూడా ఆ మాటే కాబట్టి పట్టుకుని కూర్చున్నాను.

ఇప్పుడు వాడికి ఏడేళ్లు. మా వీధిలో, మా చుట్టాల్లో ఎవరి పిల్లలకైనా అనుమానం వస్తే నాకు ఫోన్ చేస్తారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. నేను వెనకా ముందూ చేసిన పనులను మీరు వరసలో చేసుకోవచ్చు.

ఆటిజమో కాదో తేలేదాకా ఆగకండి

ఏడాది నిండినా పేరుకు తిరగకపోవడం, వేలితో చూపించకపోవడం, 16 నెలలకు ఒక్క మాట కూడా లేకపోవడం, రెండేళ్లకు "పాలు కావాలి" లాంటి రెండు మాటల జత రాకపోవడం, ఏ వయసులోనైనా వచ్చిన మాట పోవడం. వీటిలో ఏదైనా కనిపించినంత మాత్రాన ఆటిజమే అని కాదు. కానీ వెళ్లి చూపించడానికి ఇది చాలు. "చూద్దాంలే" అని ఆగితే పోయేది పిల్లవాడి కాలమే. ముందే మొదలుపెట్టి, తర్వాత ఏమీ లేదని తేలితే నష్టం ఏముంది? వాడితో నాలుగు నెలలు ఎక్కువ ఆడుకున్నట్టు, అంతే.

మొదట చెవులు చూపించండి. పిలిస్తే పలకని పిల్లవాడికి వినిపిస్తోందో లేదో తెలియకుండా మిగతా మాటలన్నీ గాలిలో లెక్కలే. మా వాడు దూరంగా చిప్స్ ప్యాకెట్ చప్పుడైనా పరిగెత్తుకొస్తాడు కాబట్టి చెవులు బాగున్నాయని నేనే తీర్పు చెప్పుకున్నాను. కొన్ని శబ్దాలు వినిపించి, మాటలోని సన్నని ధ్వనులు వినిపించని పిల్లలు కూడా ఉంటారట. పిల్లవాడు నిద్రపోతుండగా తలకు చిన్న తీగలు అంటించి బేరా పరీక్ష చేస్తారు. మేం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న అలీ యావర్ జంగ్ వినికిడి లోపాల సంస్థ ప్రాంతీయ కేంద్రంలో చేయించాం.

దీనికి ఒక చిట్కా. పరీక్ష టైమ్‌కు నిద్ర రావాలంటే పొద్దున్నే లేపి, దారిలో పడుకోనివ్వకూడదు. నల్గొండ నుంచి ఎల్బీ నగర్ దాకా రెండున్నర గంటల బస్సు ప్రయాణంలో వాణ్ని మెలకువగా ఉంచడానికి మా ఆయన కండక్టర్ ఆట మొదలుపెట్టారు. "టికెట్, టికెట్" అంటూ వాడి అరచేతిలో కాగితం ముక్క పెట్టడం, తీసుకోవడం. చిట్యాల, చౌటుప్పల్ దాటేదాకా అదే ఆట. అక్కడికి వెళ్లాక గదిలో ఇరవై నిమిషాల్లో నిద్రపోయాడు. చెవులు బాగున్నాయని తేలింది. "టికెట్" మాత్రం వాడి నోట్లో ఉండిపోయింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఎక్కడ చూపించాలి

దగ్గరి నుంచి దూరానికి వెళ్లండి. మేం ఉల్టా చేశాం, ముందే హైదరాబాద్ పరిగెత్తాం.

అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడికి ఒకసారి ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య తనిఖీ బృందం వస్తుంది. 2013లో మొదలైన పథకం ఇది, 18 ఏళ్ల లోపు పిల్లలకు. వాళ్లు వచ్చేరోజు ఎప్పుడో అంగన్‌వాడీ టీచర్‌ను అడిగి, ఆ రోజు పిల్లవాణ్ని తప్పకుండా తీసుకెళ్లి, మీకున్న అనుమానం మీరే నోరు తెరిచి చెప్పండి. బరువు, ఎత్తు చూసి పంపేసే హడావిడిలో మాటల సంగతి మీరు చెప్పకపోతే ఎవరూ అడగరు. వాళ్లు చీటీ రాసిస్తే జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రిలో డీఈఐసీ, అంటే పిల్లల ఎదుగుదల లోపాలు చూసే విభాగానికి పంపుతారు. మహబూబ్‌నగర్ వైపు వాళ్లు అక్కడి జనరల్ ఆసుపత్రిలో అడగండి. బయల్దేరే ముందు ఫోన్ చేసి పిల్లల డాక్టరు, స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు ఏ రోజుల్లో ఉంటారో కనుక్కుంటే తిరుగుడు తగ్గుతుంది.

పూర్తి పరీక్షకు మా ప్రాంతం వాళ్లకు మంచి చోటు మనోవికాస్ నగర్‌లోనే ఉన్న మేధో వైకల్యాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, ఎన్‌ఐఈపీఐడీ. 1984లో పెట్టారు, పాతవాళ్లు ఇప్పటికీ ఎన్‌ఐఎంహెచ్ అనే అంటారు. మన దేశంలో ఆటిజం కొలవడానికి వాడే ఐఎస్‌ఏఏ పట్టిక తయారైంది అక్కడే. ప్రైవేటుతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. దారి చెబుతాను: ఎల్బీ నగర్‌లో దిగి మెట్రో ఎక్కండి, ఎంజీబీఎస్‌లో మారి జేబీఎస్ పరేడ్ గ్రౌండ్ దాకా వెళ్లండి, అక్కడి నుంచి ఆటో. ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కితే ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు, 2023 డిసెంబర్ నుంచి. బాబుకు ఐదేళ్లు దాటితే హాఫ్ టికెట్. మెట్రో ఎస్కలేటర్ దగ్గర మాత్రం జాగ్రత్త. తిరిగేదేదైనా సరే, మా వాడు అక్కడే కూర్చుండిపోతాడు. ఎస్కలేటర్ ముందు నలభై నిమిషాలు నిలబడిన రోజు ఉంది.

ఐఎస్‌ఏఏలో 40 అంశాలుంటాయి. ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు వేస్తారు. 70 కంటే తక్కువొస్తే ఆటిజం లేనట్టు, 106 దాకా స్వల్పం, 153 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. మా వాడికి 112. మా ఆయన చిట్టీ తిప్పి చూసి "ఎన్నిటికి?" అని అడిగారు, పదో తరగతి మార్కుల్లాగా. ఎక్కువ వస్తే సంతోషించే లెక్క కాదు ఇది అని అక్కడి మేడమ్ నవ్వుతూనే చెప్పారు. బస్సులో తిరిగొచ్చేటప్పుడు మా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. ఆరు నెలల దాకా ఆటిజం అనే మాట ఆయన నోట రాలేదు, "ఆ ప్రాబ్లమ్" అనేవారు. మగవాళ్లకు కొంచెం టైమ్ ఇవ్వండి. కానీ పిల్లవాడి పని ఆపి ఇవ్వకండి.

పరీక్షకు వెళ్లేముందు ఫోన్‌లో రెండేసి నిమిషాల వీడియోలు మూడు తీసిపెట్టుకోండి. ఇంట్లో ఒక్కడే ఆడుకునేటప్పుడు ఒకటి, అన్నం తినేటప్పుడు ఒకటి, బాగా కోపం వచ్చినప్పుడు ఒకటి. కొత్త గదిలో వాడు గోడకు అతుక్కుపోయి కూర్చుంటే డాక్టరుకు ఏం తెలుస్తుంది?

ఫైలు

పది రూపాయల పుస్తకం, చైన్ ఉన్న ఒక బ్యాగు. పుట్టినప్పటి డిశ్చార్జి కాగితం, టీకాల కార్డు, ప్రతి చీటీ, ప్రతి బిల్లు, తేదీ వారీగా. థెరపీ బిల్లులపై ముద్ర వేయించుకోండి, ముద్ర లేని కాగితం ఎక్కడా పనికిరాదు. అన్నీ ఫోన్‌లో ఫొటో తీసి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. మా ఫైలు ఒకసారి ఆటోలో మర్చిపోయాను. ఆ రోజు నేను పడ్డ టెన్షన్ పరీక్ష ఫలితం రోజున కూడా పడలేదు.

థెరపీ

ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. ఫిట్స్‌కు, నిద్రకు, మరీ నిలకడ లేకపోతే దానికి డాక్టర్లు మందులిస్తారు, అవి వేరే సంగతి. వాటిని మనంతట మనం ఆపకూడదు. మిగతాదంతా నేర్పించడమే. మాటకు స్పీచ్ థెరపీ, ఒళ్లు కుదురుకోవడానికి, చేతి పనులకు, శబ్దం, స్పర్శ తట్టుకోవడానికి ఓటీ అంటే ఆక్యుపేషనల్ థెరపీ, చదువుకు స్పెషల్ ఎడ్యుకేటర్.

స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ ఎవరైనా సరే, ఆర్‌సీఐ నంబరు అడగండి. 1992 చట్టం ప్రకారం ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలిలో వాళ్ల పేర్లు నమోదై ఉండాలి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. నేను కొత్త కస్టమర్‌కు కొలతలు తీసుకునేటప్పుడు ఆమె నా పాత కుట్లు తిప్పి చూస్తుంది, నేనేమైనా అనుకుంటానా?

మా ఊళ్లో ఒక్కో క్లాసుకు 500 తీసుకునేవారు, 45 నిమిషాలు. వారానికి స్పీచ్ రెండు, ఓటీ ఒకటి. అంతకంటే మా వల్ల కాలేదు. నేను పెట్టుకున్న షరతు ఒకటే: నేను లోపల కూర్చుంటాను. తల్లిదండ్రులను బయట కూర్చోబెట్టి తలుపు వేసే చోట నేను చేర్చను. లోపల ఏం నేర్పారో చూడకపోతే వారంలో మిగతా గంటలన్నీ వృథా. మూడు నెలలకు ఏం సాధించాలనుకుంటున్నారో కాగితం మీద రాసిమ్మనండి. "ఐ కాంటాక్ట్ పెరగాలి" అని రాస్తే ఒప్పుకోకండి. "గ్లాసు చూపించి నీళ్లు అడగాలి" లాంటిది రాయించుకోండి, జరిగిందో లేదో మనకు కనపడాలి.

ఇక మోసాల మాట. మేం పడ్డాం కాబట్టి చెబుతున్నా. నగరంలో ఒక చోట "ఆరు నెలల్లో నార్మల్" అని ప్యాకేజీ చెప్పారు. రెండు గాజులు కుదువ పెట్టి 40,000 అడ్వాన్సు కట్టాం. మూడో వారానికి అక్కడ మారింది రిసెప్షన్‌లో అమ్మాయి ఒక్కతే. డబ్బు తిరిగి రాలేదు, గాజులు విడిపించడానికి ఆ ఏడాది బతుకమ్మ సీజన్ బ్లౌజులన్నీ పోయాయి. స్టెమ్ సెల్ చికిత్స అని ఎవరైనా చెబితే లక్షలు చేతిలో ఉన్నా పోకండి. ఆటిజానికి అది సిఫారసు చేయదగ్గది కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. ఒంట్లో లోహాలు తీసేస్తామనేవాళ్లు, ఆక్సిజన్ గదిలో కూర్చోబెట్టేవాళ్లు, అందరిదీ అదే దారి. టీకాల వల్ల వచ్చిందంటే అసలు వినకండి, అది ఎప్పుడో తేలిపోయిన అబద్ధం. టీవీ, ఫోన్ వల్లే వచ్చిందని నన్ను చాలామంది తిట్టారు. ఫోన్ తగ్గిస్తే మనతో గడిపే టైమ్ పెరుగుతుంది, మంచిదే. కానీ ఆటిజం ఫోన్ తెచ్చిపెట్టింది కాదు. తల్లి పెంపకం తెచ్చింది అంతకన్నా కాదు.

ఇంట్లో, మిషన్ పక్కన

వారానికి మూడు క్లాసులంటే రెండుంపావు గంటలు. మిగతా టైమంతా పిల్లవాడు మన దగ్గరే. నాకు ఇది అర్థమయ్యాకే పని కదిలింది.

బొమ్మల కార్డులు నేనే చేశాను. నెట్‌లో దొరికే బొమ్మలు వద్దు, వాడి స్టీలు గ్లాసు, వాడి పళ్లెం, వాడి చాప, మా కుట్టు మిషన్ ఫోన్‌లో ఫొటో తీసి, గడియారం సెంటర్ దగ్గర కలర్ ప్రింట్ తీయించి లామినేషన్ చేయించాను. వెనకాల వెల్క్రో అంటించాను. కుట్టు పనిలో ఉన్నదాన్ని కాబట్టి అది నా దగ్గర గజాలకు గజాలుంది. పాత కాలర్ అట్ట మీద వరసగా అతికించి, వాడి చెయ్యి అందే ఎత్తులో గోడకు తగిలించాను.

నేర్పేటప్పుడు ఇద్దరు కావాలి. ఎదురుగా నేను, చేతిలో సకినం ముక్క. వెనకాల మా ఆయన, నోరు విప్పకుండా. వాడు సకినం కోసం చెయ్యి చాపగానే, మా ఆయన ఆ చెయ్యిని పట్టుకుని సకినం కార్డు తీయించి నా చేతిలో పెట్టించాలి. పెట్టగానే నేను "సకినం!" అని ముక్క ఇవ్వాలి. ఆలస్యం చేయకూడదు, "అను, సకినం అను" అని బతిమాలకూడదు. రోజూ పది పదిహేనుసార్లు. మొదటి నాలుగు రోజులు కార్డు నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత మా ఆయన చెయ్యి పట్టడం కొంచెం కొంచెం తగ్గించారు.

పదకొండో రోజు రాత్రి కరెంటు పోయింది. నేను చార్జింగ్ లైటు పెట్టుకుని లైనింగ్ కత్తిరిస్తున్నాను. ఒళ్లో ఏదో పడింది. మిషన్ బొమ్మ ఉన్న కార్డు. తలెత్తితే వాడు నా ముందు నిలబడి, నన్ను కాదు, చక్రాన్ని చూస్తున్నాడు. మిషన్ దగ్గరికి వెళ్లి చక్రాన్ని చేత్తో తిప్పాను. వాడు దాని కింద కూర్చున్నాడు. మరుసటి రోజు ఇవ్వాల్సిన రెండు బ్లౌజులు ఇవ్వలేదు, కస్టమర్‌తో తిట్లు తిన్నాను.

కార్డులు వాడితే మాట రాదేమో అని భయపడేవాళ్లు ఉన్నారు. అలా జరగదు. అడిగితే దొరుకుతుందని తెలిసిన పిల్లవాడికి మాట మీద ఆశ పుడుతుంది. మా వాడికి తర్వాత ఐదు నెలలకు "నీల్లు" వచ్చింది, కార్డు ఇస్తూనే అన్నాడు.

ఇంకో రెండు చిన్నవి. ఏదైనా అడిగాక మనసులో పది లెక్కపెట్టండి. మనం మూడు సెకన్లకే మళ్లీ అడుగుతాం, వాడు జవాబు వెతుక్కుంటుంటే అది చెదిరిపోతుంది. రెండోది, "ముందు, తర్వాత". ముందు స్నానం, తర్వాత మిషన్. రెండు కార్డులు పక్కపక్కన పెట్టి చూపించాలి. తర్వాత అన్నది తప్పకుండా ఇవ్వాలి, ఒక్కసారి మాట తప్పితే నెల రోజుల కష్టం పోతుంది.

వాడు కొన్ని పొద్దులు చేతులు కొరుక్కుని, తల గోడకు కొట్టుకుని ఏడ్చేవాడు. కొన్ని పొద్దులు ఏమీ ఉండదు. ఆకలనుకున్నాను, పొట్టలో నులిపురుగులనుకున్నాను, దిష్టి కూడా తీశాను. థెరపిస్టు ఒక నోట్‌బుక్ పెట్టమన్నారు: ఏడుపుకు ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత మనమేం చేశాం, టైమ్ ఎంత. మూడు వారాలు రాశాక నాకు దొరికింది. మున్సిపాలిటీ చెత్త బండి వచ్చే రోజులే అవి. దాని మైకులో పాట మా సందు మలుపులో మొదలవగానే వీడికి ఒంట్లో మంట. ఇప్పుడు బండి వచ్చే టైమ్‌కు వాణ్ని వెనక గదిలోకి తీసుకెళ్లి, చెవులకు పెట్టుకునే మఫ్స్ పెట్టి, "చెత్త బండి వస్తుంది, పోతుంది" అని ముందే చెబుతాను. ఏడుపు పూర్తిగా పోలేదు, కొరుక్కోవడం పోయింది. పిల్లవాడిది మొండితనం అనుకునే ముందు ఈ నోట్‌బుక్ రాయండి.

సర్టిఫికెట్

"ముద్ర పడుతుంది, పెద్దయ్యాక పెళ్లి కాదు" అని, వైకల్య సర్టిఫికెట్ మాట ఎత్తగానే మా ఆడబిడ్డ అంది. ముద్ర పడేది కాగితం మీద, పిల్లవాడి మీద కాదని నేననుకున్నాను. తీసుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, అందులో ఆటిజం ఉంది. 40 శాతం, ఆపైన ఉంటే చాలా హక్కులు దానికి ముడిపడి ఉంటాయి. తెలంగాణలో ఇంతకుముందు సదరం, 2025 నుంచి యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు. మీసేవలోనో, స్వావలంబన్ పోర్టల్‌లో సొంతంగానో దరఖాస్తు పెట్టుకుంటే ఆసుపత్రికి రమ్మనే తేదీ వస్తుంది. ఆధార్, ఫొటో, పాత రిపోర్టులు పట్టుకెళ్లండి. ఆ రోజు పిల్లవాడికి కొత్త బట్టలు తొడిగి, "బుద్ధిగా కూర్చో" అని తర్ఫీదు ఇచ్చి తీసుకెళ్లకండి. వాడు రోజూ ఎలా ఉంటాడో అలాగే వాళ్లకు కనపడాలి. తినేది, తాగేది, ఇష్టమైన బొమ్మ వెంట ఉండాలి, క్యూ పొడుగ్గా ఉంటుంది. కార్డు మీద గడువు ఉందో లేదో చూసి, ఉంటే ఆ తేదీ క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి.

దాంతో వచ్చేవి గబగబా చెప్పేస్తాను. పింఛను, 2023లో 4,016 చేశారు, మంజూరు కావడానికి ఓపిక కావాలి. నిరామయ ఆరోగ్య బీమా, నేషనల్ ట్రస్ట్ వాళ్లది, ఏడాదికి లక్ష వరకు. థెరపీ బిల్లుల్లో కొంత తిరిగొచ్చేది దీనిలోనే, అందుకే ముద్ర సంగతి చెప్పాను. ఇంట్లో ఎవరైనా పాత పద్ధతిలో ఇన్‌కమ్ ట్యాక్స్ కడుతుంటే పన్ను లెక్కగట్టే ఆదాయంలోంచి 75,000, తీవ్ర వైకల్యమైతే 1,25,000 తగ్గింపు.

బడి

ఎల్‌కేజీకి ఒక ప్రైవేటు స్కూల్లో వేశాం. ఆటిజం అని చెప్పే చేర్చాం, ఫీజు కట్టించుకున్నారు. తొమ్మిదో రోజు ఫోన్. "మిగతా పేరెంట్స్ ఒప్పుకోవట్లేదమ్మా, మీరే అర్థం చేసుకోవాలి." నేను అర్థం చేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. అప్పుడు నాకు చట్టం తెలియదు. ప్రభుత్వ బడే కాదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు బడి కూడా వైకల్యం పేరు చెప్పి పిల్లవాణ్ని వద్దనకూడదు, అదే 2016 చట్టం 16వ సెక్షన్. 40 శాతం, ఆపైన ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఇంటి దగ్గరి బడిలోనో, కోరుకున్న ప్రత్యేక బడిలోనో ఉచిత చదువు హక్కు, 31వ సెక్షన్. వద్దంటే ఆ ముక్క కాగితం మీద రాసిమ్మని అడగండి. రాసిచ్చే ధైర్యం చాలామందికి ఉండదు, సీటు దొరకడానికి ఒక్కోసారి అదే చాలు. అప్పటికీ కాకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు పెట్టొచ్చు. ఆఫీసు మలక్‌పేటలో, అదీ నల్గొండ క్రాస్ రోడ్స్ దగ్గర. మన ఊరి పేరే, వెతుక్కోవడం కష్టం కాదు.

కానీ హక్కుతో దొరికిన సీట్లో పిల్లవాడు రోజంతా ఏడుస్తుంటే లాభం లేదు. నేను బడులు చూడ్డానికి వెళ్లినప్పుడు ప్రిన్సిపాల్ గది కంటే ఆయమ్మను ఎక్కువ చూస్తాను. ఏడుస్తున్న పిల్లవాణ్ని ఆమె ఎలా ఎత్తుకుంటుందో చూస్తే ఆ బడి సంగతి తెలుస్తుంది. తరగతిలో ఎంతమంది, గేటుకు గొళ్లెం ఉందా, బాత్రూమ్‌కు ఎవరు తీసుకెళ్తారు, ఈ మూడూ అడగండి. స్మార్ట్ బోర్డు చూసి మురిసిపోకండి.

మండలాల్లో భవిత కేంద్రాలుంటాయి, సమగ్ర శిక్ష కింద, మామూలుగా ప్రభుత్వ బడి ఆవరణలోనే. అక్కడ ప్రత్యేక అవసరాల పిల్లలకు నేర్పే ఐఈఆర్‌పీ టీచర్లు ఉంటారు. రాలేని పిల్లల ఇళ్లకు వాళ్లే వస్తారు. దారి ఖర్చులకు, వెంట వచ్చేవాళ్లకు భత్యం కూడా ఉంటుంది, అడిగి రాయించుకోండి. ఎక్కడుందో మండల విద్యాధికారి ఆఫీసులో చెబుతారు. మా వాడు మధ్యాహ్నం దాకా మా వాడకట్టు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఉంటాడు, వారంలో మూడు రోజులు ఆ తర్వాత భవితకు వెళ్తాడు. అక్షరాలు వచ్చాయి, చదువుతాడు. అర్థమయ్యేది సగం. పొద్దుటి ప్రార్థనలో మాత్రం లైనులో నిలబడతాడు, అది నేర్పడానికి రెండు నెలలు పట్టింది.

పిల్లల్ని దూరంగా హాస్టల్ ఉన్న స్పెషల్ స్కూల్లో వేయమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది. ఇంత చిన్న వయసులో నేనైతే వేయను. మాట రాని పిల్లవాడు రాత్రి ఏం జరిగిందో పొద్దున చెప్పలేడు.

జూన్‌లో బడి తెరవగానే టీచరుకు ఒక పేజీ రాసిస్తాను. మొదటి ఏడాది నాలుగు పేజీలు రాశాను, ఆమె చదవలేదు. ఇప్పుడు ఇంతే:

"వీడికి మాటలు తక్కువ, కానీ మీరు చెప్పేది వింటాడు. ఒక్కసారి ఒక్క పనే చెప్పండి. మీ ముఖంలోకి చూడకపోయినా వింటున్నట్టే. ఫ్యాన్ కింద కూర్చోబెడితే ఫ్యాన్‌నే చూస్తాడు, గోడ పక్కన కూర్చోబెట్టండి. బెల్ కొట్టే ముందు చెప్పండి. 'టికెట్ టికెట్' అన్నాడంటే ఇంటికి వెళ్లాలని అర్థం. అప్పుడు రెండు నిమిషాలు వరండాలో తిప్పితే చాలు. కొడితే నెల రోజులు బడికి రాడు. నా ఫోన్ నంబరు కింద ఉంది."

టికెట్ సంగతి అదీ. బస్సులో మొదలైన మాట, వాడి లెక్కలో ఇక్కడి నుంచి కదులుదాం అని. పెళ్లిళ్లలో భోజనాల దగ్గర కూడా అంటాడు, బంధువులు నవ్వుతారు. ఆ మాటకు అర్థం మనకు తెలిసి టీచరుకు తెలియకపోతే, వాడు పిచ్చిగా ఏదో అంటున్నాడనుకుంటారు. మీ పిల్లవాడి దగ్గర కూడా ఇలాంటి మాట ఒకటి ఉండే ఉంటుంది.

చుట్టాలు, గట్టు, బతుకమ్మ

మా అత్తమ్మ చెరువుగట్టు రామలింగేశ్వరుడికి మొక్కుకుంది, గట్టు మీద నిద్ర చేస్తే నయమవుతుందని. నేను కాదనలేదు. అమావాస్య రోజు మాత్రం వద్దన్నాను, ఆ జనంలో ఆ మైకుల్లో వీడు ఉండలేడు. మామూలు సోమవారం తెల్లవారుజామున వెళ్లాం. వాడు మెట్లన్నీ లెక్కపెడుతున్నట్టు ఒక్కోటి తట్టుకుంటూ ఎక్కాడు, ఆమె సంతోషపడింది. మొక్కులు మొక్కుకోండి, దాని కోసం క్లాసు మాత్రం మానకండి. ఇప్పుడు వాడి కార్డులు అందుకునేది అత్తమ్మే. "నా మనవడు అడగంది నేను పెట్టను" అంటుంది, నాకంటే స్ట్రిక్టు.

బతుకమ్మకు డీజే ఉన్నచోటికి తీసుకెళ్లను. ఇంటి ముందు నలుగురం ఆడతాం, వాడు పూలను రంగు రంగుగా వేరు చేస్తాడు.

మీకు మీ మనుషులు కావాలి. థెరపీకి మా వంతు వచ్చేదాకా బయట బెంచీ మీద కూర్చునే ఐదుగురు తల్లులం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. మిర్యాలగూడ ఆవిడ ఒకరు, దేవరకొండ ఆవిడ ఒకరు. ఎవరికైనా జ్వరం వస్తే ఆ రోజు ఇంకొకరు ఇద్దరు పిల్లల్నీ తీసుకెళ్తారు. ఏ డాక్టరు ఏ రోజు వస్తారో, ఏ ఆఫీసులో ఏ కాగితం అడిగారో అందులోనే తెలుస్తుంది. రాత్రి పదకొండింటికి "ఇవాళ నాకు ఏడుపొచ్చింది" అని రాసుకునేది కూడా అక్కడే.

నీళ్లు, గేట్లు

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది చివర్లో గుర్తొచ్చింది. ఈ పిల్లలు చెప్పాపెట్టకుండా వెళ్లిపోతారు. చాలామందికి నీళ్లంటే పిచ్చి ఇష్టం. మా వైపు కాలువలు, చెరువులు, మూతలేని సంపులు ఎన్నో. మా వాడు నాలుగేళ్లప్పుడు ఒక మధ్యాహ్నం, నేను ఒకావిడకు భుజం కొలత తీస్తుండగా, చెప్పుల్లేకుండా రెండు వీధులు దాటి ఒక ఇంటి సంపు పక్కన కూర్చుని దొరికాడు. పేరడిగితే చెప్పడు, చెప్పినా "టికెట్" అంటాడు.

ఆ సాయంత్రమే తలుపుకు పైన, పెద్దవాళ్ల చెయ్యి మాత్రమే అందేచోట గొళ్లెం బిగించాం. సంపుకు ఇనుప మూత చేయించాం. వాడకట్టులో పది ఇళ్లకు వెళ్లి వాడి ఫొటో చూపించి, ఒంటరిగా కనిపిస్తే పట్టుకుని నాకు ఫోన్ చేయమని చెప్పాను. చెప్పడానికి సిగ్గేసింది, చెప్పాను. తర్వాత తెల్ల కాటన్ పట్టీ మీద మా ఇద్దరి ఫోన్ నంబర్లు ఎర్ర దారంతో కుట్టి, వాడి ప్రతి చొక్కాకూ కాలర్ లోపల వేశాను. పెన్నుతో రాస్తే రెండు ఉతుకులకు పోతుంది, కుట్టే వేయండి. మెడ మీద గుచ్చుకుంటే వాడు చొక్కా విప్పి పారేస్తాడు కాబట్టి ముడి లోపలికి రాకుండా బయటివైపు వేయాలి, పట్టీని ముందే రెండుసార్లు ఉతికి మెత్తబరచాలి. కుట్టడం రాకపోతే మీ వీధిలో టైలర్‌ను అడగండి, పది నిమిషాల పని.